ఇంటికి చిన్న జనరేటర్ కొంటున్నారా? ముందు బోరు మోటారు సంగతి తేల్చుకోండి

తిరుపతిలో కరెంటు రెండు కాలాల్లో సతాయిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలివాన మొదటిది. పది నిమిషాలు దుమ్ము లేపి, ఎక్కడో ఒక వేపకొమ్మను తీగల మీద పడేసి పోతుంది. లైన్‌మ్యాన్ వచ్చి కొమ్మ తీసేసరికి గంటో రెండు గంటలో. రెండోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల కాలం. ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు వదలదు. 2021 నవంబరు 18న ఊళ్లో వీధులు ఏరులై పారడం చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రకానికి మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ చాలు. మీ ఇంట్లో కరెంటు ఎప్పుడు పోయినా మూడు నాలుగు గంటల్లో వచ్చేస్తుంటే జనరేటర్ కొనకండి. కొన్నా ఏడాదిలో పది గంటలు కూడా తిప్పరు, ఆ మెషీన్ మూల పడి, ఇంజన్‌కు పెట్రోలు అందించే కార్బురేటర్ పట్టేస్తుంది. వాయుగుండం రోజుల కోసం కావాలనుకుంటే, ఇంట్లో ఇన్సులిన్ వాడేవాళ్లో ఆక్సిజన్ మెషీన్ మీద ఉన్న పెద్దవాళ్లో ఉంటే, అప్పుడు కింది విషయాలు చదవండి.

నేను మొదటిసారి తప్పు కొన్నాను. 2021 వానలు తగ్గిన వారానికి, షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన దగ్గర పాత జనరేటర్ చవకగా వస్తోందని తెచ్చేశాను. ఒకటిన్నర కేవీఏ (జనరేటర్ ఎంత లోడు లాగగలదో చెప్పే కొలత) అన్నారు. ఫ్యాన్లు, లైట్లు బాగానే తిరిగాయి. మరుసటి ఏడాది ముసురులో ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. పోనీలే, జనరేటర్ ఉంది కదా అని బోరు మోటారు స్టార్టర్ నొక్కాను. ఇంజన్ ఒక్క మూలుగు మూలిగింది, లైట్లు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి, ఫ్రిజ్ స్టెబిలైజర్ టకటకమని కొట్టుకుంది, అంతే, అన్నీ ఆగిపోయాయి. మళ్లీ లాగాను, మళ్లీ అదే. మూడోసారి తాడు తెగి చేతికొచ్చింది. మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి, "ఏమ్నా, బోరు మోటారుకా తగిలిస్తివి?" అని నవ్వాడు. అప్పుడు నేర్చుకున్నదే ఇది.

1. మోటారును లెక్కలోంచి తీసేయగలరా?

జనరేటర్ సైజును నిర్ణయించేది ఫ్యాన్లూ కాదు, టీవీ కూడా కాదు, ఈ ఒక్క ప్రశ్నే.

1 హెచ్‌పీ (హార్స్ పవర్) అంటే 746 వాట్లు. అది మోటారు ఇరుసు దగ్గర వచ్చే శక్తి. సబ్‌మెర్సిబుల్ మోటారు కరెంటు నుంచి లాక్కునేది 1100 వాట్లు దాటుతుంది. పైగా స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుగా లాగేదానికి నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. అరసెకనో ఒక సెకనో, అంతే. కానీ చిన్న జనరేటర్ ఆ సెకనులోనే చతికిలబడుతుంది. కాబట్టి 1 హెచ్‌పీ బోరుకు 4, 5 కేవీఏ మెషీన్ కావాలి. అది ఎనభై తొంభై కిలోల బరువు, ఇద్దరు పట్టినా మిద్దె మీదికి ఎక్కదు, పెట్రోలు గటగటా తాగుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు తిరిగే మోటారు కోసం మిగతా ఇరవై మూడు గంటల నలభై నిమిషాలు ఆ ఏనుగును మేపాలి.

మరి నీళ్లెలా? వాయుగుండం చెప్పకుండా రాదు. రెండు రోజుల ముందే వార్తల్లో చెబుతారు. ఆ సాయంత్రమే సంపు, మిద్దె మీది ట్యాంకు నింపేసుకోండి. 1000 లీటర్ల ట్యాంకు నలుగురున్న ఇంటికి జాగ్రత్తగా వాడితే రెండు రోజులు వస్తుంది. ఇంకో 500 లీటర్ల ట్యాంకు పెట్టించుకోవడం పెద్ద జనరేటర్ కొనడం కంటే ఎన్నో రెట్లు చవక.

సంపులోంచి పైకి ఎక్కించే అర హెచ్‌పీ మోటారు మాత్రమే ఉంటే సంగతి వేరు. మంచి 2 కేవీఏ మెషీన్ దాన్ని లాగే అవకాశం ఉంది, మిగతావన్నీ ఆపేసి ఒక్క మోటారే వేస్తే. అయినా కొనేముందు పరీక్షించాకే నమ్మండి.

2. రాత్రికి ఏమేం తిరగాలో రాసుకోండి

"ఇల్లంతా నడవాలి" అని అంగట్లో అడిగితే వాళ్లు పెద్ద మెషీనే చూపిస్తారు. ఒక కాగితం తీసుకుని, కరెంటు లేని రాత్రి నిజంగా ఏవి అవసరమో రాయండి. మా ఇంటి కాగితం ఇది: పాత రకం సీలింగ్ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు, మొత్తం 225. ఎల్‌ఈడీ లైట్లు ఆరు, 60 వాట్లు. సింగిల్ డోర్ ఫ్రిజ్ తిరిగేటప్పుడు 150 దాకా. టీవీ 80. వైఫై రూటర్, ఫోన్ ఛార్జర్లు కలిపి 45. కూడితే 560 వాట్లు.

ఇక్కడ ఆగితే నాలాగే తప్పు చేస్తారు. ఫ్రిజ్‌లో ఉన్నదీ మోటారే. కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు 150 కాస్తా ఒక్క క్షణం 700, 800 అవుతుంది. కొత్త ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్‌లయితే అంత ఎగరవు. అంటే మా ఇంటికి మామూలుగా 560, ఫ్రిజ్ మొదలైన క్షణంలో 1200. పొద్దున్నే చట్నీకి మిక్సీ వేస్తే ఇంకో 750. ఫ్రిజ్ స్టార్ట్ కావడం, మిక్సీ తిరగడం ఒకేసారి జరిగితే 1900 దాటుతుంది. అందుకే మిక్సీ వేసే రెండు నిమిషాలు ఫ్రిజ్ ప్లగ్ తీసేయడం మా ఇంట్లో అలవాటు. ఈ లెక్కతో 2 కేవీఏ మాకు సరిపోయింది. నాలుగు రోజులు తిరిగినా ఇబ్బంది పెట్టలేదు.

గీజర్ 2000 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 2000, ఇస్త్రీ పెట్టె 1000, ఏసీ 1 టన్ను అయినా 1000 పైమాటే. వీటిని కాగితం మీద రాయకండి. నీళ్లు కాచుకోవడానికి గ్యాసు ఉంది కదా.

కాగితం మీద వచ్చిన వాట్లకు పైన నాలుగో వంతు కలుపుకోండి. జనరేటర్‌ను రోజంతా నూటికి నూరుపాళ్లు లోడు మీద తిప్పకూడదు, డెబ్బై, డెబ్బై ఐదు శాతం దగ్గర అది సుఖంగా ఉంటుంది. ఇంకో మాట: కేవీఏ అంటే వాట్లు కాదు. మామూలుగా 2 కేవీఏ అంటే 1600 వాట్లుగా లెక్క కట్టుకోండి. పలమనేరు, మదనపల్లె వైపు ఉన్నవాళ్లకు అదనంగా ఒకటుంది. అక్కడి ఎత్తు 700 మీటర్ల దగ్గర. ప్రతి 300 మీటర్లకు ఇంజన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది కాబట్టి ఏడు శాతం దాకా పోయిందనుకోండి. తిరుపతిలో ఈ గొడవ లేదు గానీ ఎండాకాలం వేడికి కొంత తగ్గడం మనకూ తప్పదు.

ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉందా? అయితే ఇంకో దారి ఉంది, నాకు ఎక్కువ నచ్చింది ఇదే. జనరేటర్‌ను రాత్రంతా తిప్పొద్దు. సాయంత్రం నాలుగైదు గంటలు తిప్పి, ఫ్రిజ్‌ను చల్లబరచుకుని, ఇన్వర్టర్ బ్యాటరీ ఛార్జ్ చేసుకుని, పదింటికి ఆపేయండి. రాత్రి బ్యాటరీ మీద పడుకోండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీ ఖాళీ అయితే పూర్తిగా నిండడానికి పది పన్నెండు గంటలు పడుతుంది. నాలుగు గంటల్లో మూడో వంతు పైనే ఎక్కుతుంది. పాత ఫ్యాన్లకు అది రెండున్నర గంటలు వస్తే గొప్ప. ఫ్యాన్లను కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకానికి మార్చుకుని ఉంటే మూడు ఫ్యాన్లు, ఒక లైటు ఐదారు గంటలు తిరుగుతాయి. తెల్లారేదాకా దాదాపు సరిపోయింది కదా. నన్నడిగితే పెద్ద జనరేటర్ మీద పెట్టే డబ్బు ముందు ఫ్యాన్ల మీద పెట్టమంటాను.

తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లగానే ఉంటుంది. ఇన్సులిన్‌కు కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీలు. కాబట్టి ఫ్రిజ్ కోసం రోజంతా ఇంజన్ మోగించనక్కర్లేదు, మూడు నాలుగు గంటలకోసారి ఒక గంట చాలు. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఉన్న ఇంటికి మాత్రం వేరే జాగ్రత్త కావాలి. 5 లీటర్ల మెషీన్ 350 వాట్ల దాకా లాగుతుంది, ఆగకుండా తిరగాలి. జనరేటర్ స్టార్ట్ చేసే ఐదు నిమిషాలు కూడా గ్యాప్ రాకుండా మధ్యలో యూపీఎస్, పక్కన నిండు సిలిండర్ ఉండాల్సిందే. జనరేటర్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకండి.

3. ఏ రకం?

చిన్న సైజులో దొరికేవి ప్రధానంగా రెండు. ఇనుప చట్రంలో ఇంజన్ బయటికి కనిపించే సాదా రకం, సూట్‌కేస్‌లా మూసిన పెట్టెలో ఉండే ఇన్వర్టర్ రకం.

సాదా రకంలో ఇంజన్ ఎప్పుడూ ఒకే వేగంతో, నిమిషానికి 3000 చుట్లు తిరగాలి. అప్పుడే మన 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. ఒక్క లైటు వేసినా అదే పరుగు, అదే మోత, దాదాపు అదే పెట్రోలు. లోడు మారినప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది. ఇన్వర్టర్ రకంలో ఇంజన్ లోడును బట్టి నెమ్మదిస్తుంది, కరెంటును లోపలి ఎలక్ట్రానిక్స్ సరిచేసి పంపుతాయి. అందుకే టీవీ, ల్యాప్‌టాప్, ఇన్వర్టర్ ఫ్రిజ్ లాంటివాటికి దిగులుండదు. మోత తక్కువ. 2 కేవీఏ అయినా ఇరవై కిలోల చుట్టూ ఉంటుంది, సాదాది నలభై. ధర మాత్రం బాగా ఎక్కువ, బోర్డు పోతే రిపేరు ఖర్చు కూడా గట్టిగానే తగులుతుంది.

పక్కింటి గోడ మీ గోడకు ఆనుకుని ఉంటే ఇన్వర్టర్ రకమే తీసుకోండి. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఏ జనరేటర్ అయినా దగ్గర్నుంచి చూస్తే ఇది దాటుతుంది. రాత్రి పదికి ఆపేయమని పైన చెప్పింది అందుకు కూడా. ఊరవతల తోటలో ఇల్లు ఉండి, మోటారు కూడా తిప్పాల్సి వస్తే సాదా రకం పెద్దదే నయం. పల్లెలో మందు కొట్టే స్ప్రేయర్లు, కలుపు తీసే మెషీన్లు బాగుచేసే మెకానిక్కులు ఆ ఇంజన్‌ను కళ్లు మూసుకుని విప్పేస్తారు.

డీజిల్ రకం ఇంటికి వద్దు, బరువూ మోతా రెండూ ఎక్కువే. పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో నడిపే పాత మెషీన్లు చవకగా వస్తాయి గానీ కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది ఇప్పుడు? ఇంటి గ్యాస్ సిలిండర్‌కు కిట్ పెట్టి నడిపిస్తామనేవాళ్లూ ఉన్నారు. వంట సిలిండర్‌ను వంటకు తప్ప వాడడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు జనరేటర్ పెట్టే చోటే ఉండదు, వాళ్లు ఇన్వర్టర్ బ్యాటరీని పెంచుకోవడమో పెద్ద పవర్ బ్యాంకు లాంటి లిథియం పవర్ స్టేషన్ కొనడమో మేలు.

4. ఎక్కడ పెడతారో కొనకముందే చూసుకోండి

ఇది రెండు ముక్కల్లో చెప్పి వదిలే విషయం కాదు. పెట్రోలు ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండడం. నిద్రలో ఉంటే అవి కూడా తెలియవు. వాన పడుతోందని జనరేటర్‌ను పోర్టికోలోనో, మెట్ల గదిలోనో, సగం దించిన షట్టర్ లోపలో పెట్టినప్పుడే ఈ ప్రమాదం జరుగుతుంది. కిటికీ తెరిచాం కదా అంటే సరిపోదు. కిటికీలకు, తలుపులకు ఇరవై అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటికి అవతలి వైపు తిరిగి ఉండాలి.

ముప్పై అంకణాల స్థలంలో ఇరవై అడుగులు ఎక్కణ్నుంచి వస్తాయంటారా? నిజమే. మన సందుల్లో చాలా ఇళ్లకు మిగిలేది మిద్దె ఒక్కటే. మిద్దె మీద మెట్ల తలుపుకు దూరంగా ఒక మూల పెట్టి, నాలుగు పైపులు నిలబెట్టి పైన రేకు వేయించండి. పక్కలు తెరిచే ఉండాలి. టార్పాలిన్ చుట్టేస్తే అది మళ్లీ గదే అవుతుంది. మెట్ల తలుపు మూసి ఉంచండి, లేకపోతే పొగ మెట్ల గుండా ఇంట్లోకి దిగుతుంది. పక్కింటివాళ్ల పై అంతస్తు కిటికీ ఎటుందో కూడా చూడండి. ఇన్వర్టర్ రకం తీసుకోమనడానికి ఇదీ కారణం: ఇరవై కిలోలను ఒక మనిషి మెట్లెక్కించగలడు. పడకగదిలో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకుంటే ఇంకా మంచిది.

కొండవైపు కాలనీల్లో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: మిద్దె మీద వైరు వేలాడుతుంటే కోతులు ఊరుకోవు. పైపులో వేయించండి. జనరేటర్‌కు గొలుసు, తాళం కూడా వేయండి, అది కోతుల కోసం కాదు.

5. అంగట్లో

చేతిలో మీ కాగితం, ఇస్త్రీ పెట్టె, మిక్సీ, వోల్టేజీ కొలిచే ఒక మల్టీమీటర్ ఉండాలి. అవును, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లండి. రెండోసారి కొన్నప్పుడు నేను సంచిలోంచి ఇస్త్రీ పెట్టె తీస్తే అంగడి ఆయన "ఇక్కడ ఇస్త్రీ చేయరు సామీ" అన్నాడు. మొదట చూపించిన మెషీన్‌కు 1000 వాట్ల పెట్టె తగిలించి, వేడెక్కుతుండగానే మిక్సీ వేశాం. వోల్టేజీ 228 నుంచి 190కి జారింది, ఇంజన్ గొంతు బొంగురుపోయింది. స్టిక్కర్ మీద మాత్రం పెద్దక్షరాల్లో 2.5 కేవీఏ అని ఉంది. రెండోదానికి అదే చేస్తే ఇంజన్ వేగం పెరిగింది, మీటరు 225 దగ్గర కదల్లేదు. ఆయనే మొదటిదాన్ని పక్కకు జరిపేశాడు.

స్టిక్కర్ మీద రెండు అంకెలుంటాయి. గరిష్ఠం అనేది కొద్ది నిమిషాలకే, గంటల తరబడి ఇవ్వగలిగేది రేటెడ్ అనే అంకె. మీరు చూడాల్సింది రెండోదే. మోడల్ పేరులో ఉన్న 3500 లాంటి సంఖ్యను వాట్లు అనుకోకండి. శబ్దం ఎన్ని డెసిబెల్స్ అని అడిగి ఊరుకోకుండా, ఎంత దూరంలో, ఎంత లోడు మీద అని అడగండి. చాలా కంపెనీలు 7 మీటర్ల దూరంలో, తక్కువ లోడు మీద కొలిచిన అంకె వేస్తాయి.

ఆయిల్ తగ్గితే దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉందా, 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తగినదేనా అని కనుక్కోండి. 2023 జూలై 1 నుంచి జనరేటర్ సెట్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త ఉద్గార ప్రమాణాలు వచ్చాయి, కొత్త మెషీన్ మీద ఆ గుర్తింపు ఉండాలి. సర్వీసు తిరుపతిలోనే జరుగుతుందా, చెన్నైకి పంపుతారా? ఈ జవాబు స్పష్టంగా రాకపోతే ధర ఎంత తగ్గించినా వెనక్కి వచ్చేయండి. ప్లగ్, ఎయిర్ ఫిల్టర్, లాగే తాడు అక్కడికక్కడే చూపించమనండి. బిల్లు మీద ఇంజన్ నంబరు రాయించుకోండి. తాడు లాగేది మీరొక్కరే కాదు, ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు లాగాల్సి రావచ్చు. సెల్ఫ్ స్టార్ట్ ఉంటే తీసుకోండి, అయినా తాడు కూడా ఉండాలి. బ్యాటరీ సరిగ్గా వాన రోజే దిగిపోతుంది.

6. ఇంట్లోకి కరెంటు తీసుకోవడం

రెండు వైపులా మగ పిన్నులున్న వైరు చేసి, జనరేటర్ కరెంటును గోడ సాకెట్‌లోకి ఎక్కించే పద్ధతి ఒకటుంది. మీకెవరైనా అలా చేసిపెడతానంటే ఆ మనిషిని ఇంకో పనికి కూడా పిలవకండి. ఒక పిన్ను ఊడితే అది ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మెయిన్ ఆపడం మరిచిపోతే మీ 230 వోల్టులు వీధిలోకి వెనక్కి పోతాయి. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను మన ఇంటి కరెంటుగా మారుస్తుంది కదా, వెనక్కి పోతే అది తిరగబడి 11,000 చేస్తుంది. ఆ వానలో స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ లైను చచ్చిందనుకుని చెయ్యి వేస్తాడు.

చేయించాల్సింది ఇది: మీటరు తర్వాత చేంజ్ ఓవర్ స్విచ్, అంటే వీధి కరెంటు, జనరేటర్ కరెంటు రెండింట్లో ఒక్కదాన్నే ఇంట్లోకి రానిచ్చే స్విచ్. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోల్‌ల 32 ఆంపియర్లది చాలు. ఫేజు, న్యూట్రల్ రెండూ మారాలి, ఫేజు ఒక్కదాన్నే మార్చి చేతులు దులుపుకోనివ్వకండి. ఇంకా మంచి పద్ధతి, కాగితం మీద రాసుకున్న ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ లైన్లను వేరు చేసి చిన్న డీబీలో (లైన్లను విడదీసి పంచే పెట్టెలో) పెట్టించి, చేంజ్ ఓవర్‌ను దానికే వేయడం. అప్పుడు చీకట్లో పొరపాటున గీజర్ స్విచ్ నొక్కినా ఏమీ కాదు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లకు ఈ పద్ధతే సులువు. జనరేటర్ ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. జనరేటర్ నుంచి స్విచ్ దాకా 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల వైరు వేయండి, సన్న వైరయితే వేడెక్కుతుంది. చేంజ్ ఓవర్‌కు వీధి కరెంటు వచ్చే వైపు ఒక చిన్న ఇండికేటర్ లైటు పెట్టించండి. అసలు కరెంటు వచ్చిందో లేదో తెలుసుకోడానికి పక్కింటి వైపు తొంగి చూసే పని తప్పుతుంది.

మిద్దె మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు చాలామంది మనకు జనరేటర్ ఎందుకంటారు. కేంద్రం సోలార్ పథకం సూర్యఘర్ కింద ఎక్కువగా పెట్టేవి గ్రిడ్‌కు, అంటే వీధి కరెంటు లైనుకు, కలిపిన రకం. లైన్‌మ్యాన్ భద్రత కోసమే, వీధిలో కరెంటు పోగానే అవి కూడా ఆగిపోయేలా చేస్తారు. ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాన్ తిరగదు. అలాంటి ఇంట్లో జనరేటర్ పెడితే ఆ సోలార్ లైను జనరేటర్ వైపు కలవకుండా చూడాలి. కలిస్తే సోలార్ ఇన్వర్టర్ జనరేటర్‌ను గ్రిడ్ అనుకుని దాంట్లోకి కరెంటు తోస్తుంది, ఏదో ఒకటి కాలుతుంది. మీ ఎలక్ట్రీషియన్‌కు ఈ మాట నోరు తెరిచి చెప్పండి.

ఇంటి ఇన్వర్టర్ జనరేటర్ కరెంటును తీసుకోకపోతే కంగారు పడకండి. చాలా మోడళ్లకు వెనకాల యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. నార్మల్ వైపు వేస్తే తీసుకుంటుంది.

7. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

కొత్త జనరేటర్‌లో ఆయిల్ పోయకుండా పంపుతారు. పెట్టె విప్పిన ఉత్సాహంలో పెట్రోలు పోసి తాడు లాగి ఇంజన్ పట్టేయించుకున్నవాళ్లున్నారు. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిల్, సాధారణంగా అర లీటరు లోపే, ముందు పోయండి. చదునైన నేల మీద పెట్టి గేజి కడ్డీతో చూడండి.

తర్వాత వరస ఇది. పెట్రోలు కుళాయి తెరవండి, చోక్ లాగండి, తాడును మెల్లగా బిగువు తగిలేదాకా లాగి, అప్పుడు ఒక్క ఊపు. మోగాక చోక్ వెనక్కి నెట్టి రెండు మూడు నిమిషాలు ఉత్తినే తిరగనివ్వండి. ఆ తర్వాతే చేంజ్ ఓవర్ తిప్పండి. ముందు ఫ్రిజ్ వేయండి, అది కుదురుకున్నాక ఫ్యాన్లు, తర్వాత మిగతావి. ఆపేటప్పుడు దీన్ని తిరగేయండి: అన్నీ ఆపి, రెండు నిమిషాలు ఉత్తినే తిప్పి, అప్పుడు ఆఫ్.

మొదటి ఆయిల్ 20 గంటలకే మార్చేయాలి. కొత్త ఇంజన్ రాల్చిన సన్నటి లోహపు పొడి అందులో ఉంటుంది. ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అది. గోడకు ఒక క్యాలెండర్ కాగితం అంటించి, తిప్పిన గంటలు రాసుకుంటే సరి.

8. పెట్రోలు

సగం లోడు మీద 2 కేవీఏ ఇన్వర్టర్ రకం గంటకు అర లీటరు చుట్టూ తాగుతుంది. రోజుకు ఐదు గంటలంటే రెండున్నర లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే రోజుకు 275. యూనిట్ లెక్కన చూస్తే కరెంటు బిల్లుకు పది రెట్ల దాకా ఖరీదు. టీవీ సీరియల్ చూడడానికి తిప్పే మెషీన్ కాదిది.

ముసురుకు ముందు మూడు రోజుల పెట్రోలు, ఏడెనిమిది లీటర్లు తెచ్చుకోండి. ప్లాస్టిక్ సీసాల్లో బంకువాళ్లు పోయరు, పోసినా మీరు తీసుకోకండి. అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల లోపు పెట్రోలు ఉంచుకోడానికి చట్టం లైసెన్సు అడగదు, కానీ గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో ఉండాలి, ఒక్కో డబ్బా 25 లీటర్లు మించకూడదు. వంటింటికి, ఇన్వర్టర్ బ్యాటరీకి, దేవుడి దీపానికి దూరంగా నీడలో పెట్టండి. ఇంజన్ వేడిగా ఉండగా ఎప్పుడూ పోయకండి. ఆపి, పావుగంట చల్లారనిచ్చి, టార్చి వెలుగులో పోయండి. కొవ్వొత్తి పట్టుకుని నిలబడే పెద్దమనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్లను కిందికి పంపించాకే మూత తీయండి.

9. వానలు లేని నెలల్లో

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్‌లో జిగురు కట్టి, సరిగ్గా అవసరమైన రోజు స్టార్ట్ కాదు. నెలకు మించి ఉంచకండి. మిగిలిన పెట్రోలు తీసి స్కూటర్‌లో పోసేసుకోండి. కార్బురేటర్‌లో మిగిలింది కూడా పోవాలంటే, మెషీన్ తిరుగుతుండగా కుళాయి మూసేసి దానంతట అదే ఆగేదాకా వదిలేయండి.

నెలకోసారి పావుగంట తిప్పాలి, ఉత్తినే కాకుండా ఫ్రిజో ఇస్త్రీ పెట్టో తగిలించి. నేను ప్రతి నెల మొదటి ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక తిప్పుతాను. పక్కింటి అక్క మొదట్లో "కరెంటు పోయిందా?" అని అడిగేది, ఇప్పుడు ఆ మోత వినగానే ఉతికిన బట్టలు అటువైపు నుంచి తీసేస్తుంది. సెప్టెంబరు చివర్లో ఒకసారి ఎయిర్ ఫిల్టర్ దులిపి, ప్లగ్ విప్పి మసి తుడిచి, చేంజ్ ఓవర్ అటూ ఇటూ తిప్పి చూసుకోండి. ఇండికేటర్ లైటు పక్కన గోడ మీద 1912 అని కరెంటు ఫిర్యాదుల నంబరు రాసి పెట్టండి. తాడు లాగేముందు ఆ నంబరుకు ఫోన్ చేసి ఎంతసేపు పడుతుందో కనుక్కుంటే, గంటలో వచ్చేస్తుందని తెలిస్తే, అసలు మిద్దె ఎక్కే పనే ఉండకపోవచ్చు.